అన్‌ఫిట్‌ ల్యాప్‌టాప్‌కు సర్ఫేస్‌ డ్యూటీ

విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సేవలు ఆపేసింది. విండోస్‌ 11 పాత కంప్యూటర్‌ను గేటు దాటనివ్వదు. మరి బాగానే నడుస్తున్న యంత్రాన్ని పాత సామాన్ల బండికి వేయాల్సిందేనా? గోదావరిఖనిలో రిటైరైన ఓ బొగ్గు బాయి కార్మికుడి ఇంట్లో ఈ ప్రశ్నకు దొరికిన జవాబు ఇది. లినక్స్‌ అనే మరో ఆపరేటింగ్‌ సిస్టమ్‌ను ఎవరు ఎంచుకోవచ్చు, ఎలా ఎక్కించుకోవాలి, ఎవరు దాని జోలికి వెళ్లకూడదు... ఈ వారం ముఖచిత్ర కథనం.

మార్కండేయ కాలనీలోని మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కు తొమ్మిదేళ్లు. చెల్లె ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది, సింగరేణి లాభాల వాటా చేతికి రాగానే బాపు కొన్నాడు. చెల్లె చదువైపోయింది, పెళ్లయింది. బాపు కూడా దిగిపోయాడు. మా దగ్గర రిటైరవడాన్ని అలాగే అంటారు. జీవితమంతా బాయి దిగిన మనిషి చివరికి ఉద్యోగమే దిగిపోతాడన్నమాట. ల్యాప్‌టాప్‌ మాత్రం ఆయనతో ఉండిపోయింది. పొద్దున పేపర్లు, సాయంత్రం యూట్యూబ్‌లో ఒగ్గు కథలు, మధ్యలో తోటి కార్మికులకు తెలుగులో దరఖాస్తులు... దాని డ్యూటీ ఇదే.

2025 దసరాకు ఇంటికి వెళ్తే తెర మీద ఒక నోటీసు. అక్టోబర్‌ 14తో విండోస్‌ 10కు మద్దతు ముగుస్తుందట. విండోస్‌ 11కు ఈ కంప్యూటర్‌ అర్హమైనది కాదట.

"ఏమైందిరా దీనికి? నిన్నటిదాంక మంచిగనే నడిచింది గదా" అన్నాడు బాపు.

"కొత్త విండోస్‌కు ఇది అన్‌ఫిట్‌ అంటాంది బాపూ."

"అన్‌ఫిటా? గప్పుడే మెడికల్‌ బోర్డుకు పోయచ్చిందా?"

నవ్వాను గానీ, ఆ మాటలో ఒక లెక్క ఉంది. మైక్రోసాఫ్ట్‌ ఈ అర్హత పరీక్ష కోసం ఇచ్చే ప్రోగ్రాం పేరే 'పీసీ హెల్త్‌ చెక్‌'. కొత్తగూడెంలోని సింగరేణి మెయిన్‌ ఆసుపత్రిలో మెడికల్‌ బోర్డు కూర్చుంటుంది. అది అన్‌ఫిట్‌ అన్నంత మాత్రాన మనిషి పని అయిపోయినట్టు కాదు. భూగర్భానికి పనికిరాని వాడు సర్ఫేస్‌ మీద ఎన్నో పనులు చేయగలడు. అదే సూత్రం ల్యాప్‌టాప్‌కు వర్తిస్తుందా? ఆ పండుగ సెలవులు ఈ ప్రశ్నతోనే గడిచిపోయాయి.

బోర్డు ఏం చూసింది?

విండోస్‌ 10 వచ్చింది 2015 జులై 29న. పదేళ్ల రెండున్నర నెలలకు దాని ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగాయి. ఆగినంత మాత్రాన కంప్యూటర్‌ ఆగదు. ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, పాటలు వినిపిస్తుంది. కానీ ఆ తర్వాత బయటపడే లోపాలకు అతుకు వేసేవాళ్లు ఉండరు. అదే యంత్రం మీద బ్యాంకు ఖాతా తెరిచేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

విండోస్‌ 11 అడిగే ముఖ్యమైన అర్హతలు మూడు నాలుగు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, సెక్యూర్‌ బూట్‌ సౌకర్యం ఉండాలి, 4 జీబీ ర్యామ్‌ కావాలి. ఇంటెల్‌ అయితే ప్రాసెసర్‌ దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైది కావాలి. మా ఇంట్లోది ఆరో తరం ఐ3. ర్యామ్‌లో పాసైంది, ప్రాసెసర్‌ దగ్గర ఫెయిలైంది.

వెంటనే తొందరపడాల్సిన పని లేదు. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్‌ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే దారిని మైక్రోసాఫ్టే ఇచ్చింది. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్‌ పేజీలో నమోదు కావాలి. అది గడువు పెంపు మాత్రమే, పరిష్కారం కాదు. ఆ గడువులోనే లినక్స్‌ను రుచి చూడటం తెలివైన పని.

మీ జేబులో ఉన్నదే

లినక్స్‌ అనగానే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టే మనిషి గుర్తొస్తాడు. నిజానికి ఆండ్రాయిడ్‌ ఫోన్‌ వాడే ప్రతి ఒక్కరి జేబులోనూ ఉన్నది లినక్స్‌ గుండెకాయ లాంటి కెర్నెలే. ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్‌ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్‌ జాబితా నుంచీ దాని మీదే నడుస్తున్నాయి.

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్‌ టోర్వాల్డ్స్‌ సరదాకు ఒక ఆపరేటింగ్‌ సిస్టమ్‌ రాస్తున్నానని తోటివారికి చెప్పాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్‌ స్టాల్‌మన్‌ ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ కోసం గ్నూ ఉద్యమం మొదలుపెట్టాడు. ఆ రెండూ కలిశాక ఇది పూర్తి వ్యవస్థ అయింది. లినక్స్‌ ఒక కంపెనీ సొత్తు కాదు గనుక ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్లు దాన్ని కూర్చుకున్నారు. అలా కూర్చిన ఒక్కో రూపాన్నీ 'డిస్ట్రో' అంటారు.

తెలుగువాళ్లు ఇందులో వెనకబడి లేరు. 2005లో హైదరాబాద్‌ కేంద్రంగా మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ మెనూలు, సందేశాలు తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసింది. ఇంజినీరింగ్‌ విద్యార్థుల్ని ఈ పనిలోకి దించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్‌ 2007లో భారతీయ భాషలతో 'బాస్‌' లినక్స్‌ను తెచ్చింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్‌ మీదే కంప్యూటర్‌ నేర్చుకుంటున్నారు. అక్కడి 'కైట్‌' సంస్థ బడుల కోసమే సొంత డిస్ట్రోను నిర్వహిస్తోంది.

ముందు పని చూడాలి, తర్వాత లినక్స్‌

చాలామంది తడబడేది ఇక్కడే. ఏ లినక్స్‌ మంచిదని అడుగుతారు. అడగాల్సింది, నా పనికి లినక్స్‌ సరిపోతుందా అని. కాగితం తీసుకుని నెల రోజుల్లో కంప్యూటర్‌ మీద చేసే పనులన్నీ రాయండి.

గోదావరిఖని చౌరస్తా నుంచి లక్ష్మీనగర్‌ దాకా ఒక్కసారి నడిస్తే ఈ చిట్టా విలువ తెలుస్తుంది. డీటీపీ సెంటర్‌లో పెళ్లి పత్రికలు, సంఘాల కరపత్రాలు కూర్చేది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. అవి లినక్స్‌ కోసం చేసినవి కావు. ఫ్లెక్సీ దుకాణానికి ఫొటోషాప్‌ కావాలి. కిరాణా హోల్‌సేలు లెక్కలు ట్యాలీలో ఉంటాయి. మీసేవ కేంద్రంలో వేలిముద్ర యంత్రం, డిజిటల్‌ సంతకం టోకెన్‌ ఉంటాయి. జిరాక్స్‌ సెంటర్లలో ఎక్కువగా కనిపించే కానన్‌ ఎల్‌బీపీ 2900 లాంటి ప్రింటర్‌కు లినక్స్‌లో డ్రైవర్‌ కుదర్చడం తలనొప్పే. వీళ్లెవరూ కూడు పెట్టే యంత్రం మీద ప్రయోగాలు చేయకూడదు. కొత్త యంత్రం కొనుక్కోవడమో, విండోస్‌లోనే కొనసాగడమో వాళ్లకు మేలు. ఈ మాట చెప్పకుండా లినక్స్‌ను పొగిడేవాళ్లను నమ్మకండి.

ఇక రెండో వైపు. సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూ ఇంజినీరింగ్‌ కాలేజీలో సీ, పైథాన్‌ నేర్చుకునే విద్యార్థికి లినక్స్‌ పుట్టిల్లు. కంపైలర్లు, పనిముట్లు ఉచితంగా చేతికందుతాయి. యైటింక్లైన్‌ కాలనీలో పోటీ పరీక్షలకు తయారయ్యే నిరుద్యోగికి కావాల్సింది బ్రౌజర్‌, పీడీఎఫ్‌లు, వీడియోలు. గృహిణికి వాట్సాప్‌ వెబ్‌, మనవడితో వీడియో కాల్‌, యూట్యూబ్‌. వీళ్లకు కింద ఉన్నది విండోసో లినక్సో నాలుగో రోజుకు గుర్తుండదు. ఆటోక్యాడ్‌ అవసరమైన సివిల్‌ విద్యార్థి, వాలరెంట్‌ గేమ్‌ ఆడే కుర్రాడు మాత్రం ఆగాలి. ఆ రెండూ లినక్స్‌లో నడవవు.

మా బాపు చిట్టాలో ఆరు పనులు తేలాయి. ఒక్కటే అడ్డుపడింది. ఏటా నవంబర్‌లో బొగ్గు గనుల పింఛను కోసం బతికే ఉన్నానని రుజువిచ్చే జీవన్‌ ప్రమాణ్‌. దాని కంప్యూటర్‌ ప్రోగ్రాం విండోస్‌ కోసం చేసింది. ఆ పనికి ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు గనుక దాన్ని కొట్టేశాం.

నాలుగు పేర్లు చాలు

వందల డిస్ట్రోలున్నాయి. విండోస్‌ నుంచి వచ్చేవాళ్లు వాటన్నిటి వెంటా తిరగక్కర్లేదు.

లినక్స్‌ మింట్‌: 2006లో ఫ్రాన్స్‌కు చెందిన క్లెమెంట్‌ లెఫెవ్ర్‌ మొదలుపెట్టినది. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం... విండోస్‌ చేయి తిరిగినవాళ్లకు ఏదీ వెతుక్కునే పని ఉండదు. 4 జీబీ ర్యామ్‌, ఆపైన ఉంటే సినమన్‌ రకం, అంతకన్నా తక్కువైనా, యంత్రం మరీ ముసలిదైనా ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. మింట్‌ 22 వరుసకు 2029 దాకా భద్రతా అప్‌డేట్లున్నాయి. మొదటిసారి వచ్చేవాళ్లకు నా ఓటు దీనికే.

జోరిన్‌: ఐర్లండ్‌లో ఇద్దరు అన్నదమ్ములు బడి వయసులో మొదలుపెట్టినది. రూపంలో విండోస్‌కు మరీ దగ్గర. విండోస్‌ ప్రోగ్రాం ఫైలును నొక్కితే దానికి బదులుగా ఏది వాడొచ్చో సూచిస్తుంది. దీని 18వ రూపం సరిగ్గా 2025 అక్టోబర్‌ 14నే విడుదలైంది. ఆ రోజును వాళ్లు ఊరికే ఎంచుకోలేదని వేరే చెప్పాలా?

ఉబుంటు: 2004లో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్‌ షటిల్‌వర్త్‌ తెచ్చినది. 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకల్లా ఉచిత సీడీలు పోస్టులో పంపింది. మింట్‌, జోరిన్‌ రెండూ దీని పునాది మీద కట్టినవే. ఎక్కడ ఏ సమస్య వచ్చినా జవాబు సులువుగా దొరికేది దీనికే. రూపం మాత్రం విండోస్‌లా ఉండదు, అలవాటుకు వారం పడుతుంది.

బాస్‌: భారతీయ భాషల మీద, ప్రభుత్వ కార్యాలయాల అవసరాల మీద దృష్టి పెట్టి చేసినది. ఇంట్లో వాడేందుకు పై మూడింటి తర్వాతే దీన్ని చూడమంటాను.

వీటీసీలో పెట్టి చూద్దాం

సింగరేణిలో కొత్తగా చేరినవాణ్ని నేరుగా బాయిలోకి దించరు. ముందు వీటీసీ, అంటే వృత్తి శిక్షణ కేంద్రం. అక్కడ నేర్పి, చూసి, తర్వాతే కింద అడుగు పెట్టనిస్తారు. లినక్స్‌కూ అలాంటి ఏర్పాటుంది. దాన్ని 'లైవ్‌' అంటారు. హార్డ్‌డిస్క్‌లో ఒక్క అక్షరం మార్చకుండా పెన్‌డ్రైవ్‌ మీద నుంచే మొత్తం వ్యవస్థను నడిపి చూడొచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్‌ పీకి మళ్లీ ఆన్‌ చేస్తే పాత విండోస్‌ ఉన్నచోటే ఉంటుంది. బడాయిలు, భయాలు రెండిటికీ ఇదే మందు.

మింట్‌ వెబ్‌సైట్‌ నుంచి ఐఎస్‌ఓ ఫైలు దించుకోండి. అది దాదాపు 3 జీబీ ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌ చాలు, దాంట్లో ఉన్నవి మాత్రం చెరిగిపోతాయి. రూఫస్‌ లేదా బలేనా ఎచర్‌ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌ మీదికి ఎక్కించాలి. మామూలుగా కాపీ కొడితే పనిచేయదు. తర్వాత కంప్యూటర్‌ ఆన్‌ చేస్తూనే బూట్‌ మెనూ మీట నొక్కాలి. డెల్‌, లెనోవోలలో సాధారణంగా ఎఫ్‌12, హెచ్‌పీలో ఎఫ్‌9. అక్కడ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే రెండు నిమిషాల్లో కొత్త తెర వస్తుంది.

ఇప్పుడు పరీక్ష మొదలు. వైఫై దొరుకుతోందా? చప్పుడు వస్తోందా? కెమెరా, వెలుతురు మీటలు, టచ్‌ప్యాడ్‌ చూడండి. ప్రింటర్‌ తగిలించండి. మూత మూసి తెరిచి, నిద్రలేస్తుందో లేదో చూడండి. బ్యాంకు సైటు తెరవండి. పెన్‌డ్రైవ్‌ మీద నడుస్తుంది గనుక నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని లెక్కగట్టకండి. మా ల్యాప్‌టాప్‌ అన్నిట్లోనూ పాసైంది. బాపు ఒగ్గు కథ పెట్టించుకుని పది నిమిషాలు చూసి, "కథ గదే ఉన్నది గదా" అన్నాడు. అదే అనుమతి.

ఎక్కించే రోజు

ఈ పనిలో అసలు ప్రమాదం లినక్స్‌ది కాదు, మన ఫైళ్లది. కొన్నేళ్ల కింద ల్యాప్‌టాప్‌ నెమ్మదించిందని ఓ దుకాణంలో 'ఫార్మాట్‌ కొట్టిచ్చాం'. యంత్రం వేగంగానే తిరిగొచ్చింది. చెల్లె పెళ్లి ఫొటోల ఫోల్డర్‌ మాత్రం రాలేదు. తప్పు వాళ్లది అనేకన్నా, రెండో కాపీ పెట్టుకోని మాది. అందుకే ఈసారి ముందు అన్నీ బయటి డిస్క్‌లోకి చేర్చి, ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే అడుగు ముందుకేశాం. కాపీ చేయడం ఒకటి, ఆ కాపీ తెరుచుకుంటోందని చూడటం మరొకటి.

విండోస్‌ పక్కనే లినక్స్‌ పెట్టుకునేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. బిట్‌లాకర్‌ తాళం ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. పవర్‌ సెట్టింగ్స్‌లో ఫాస్ట్‌ స్టార్టప్‌ ఆపేయండి. ఉబుంటు, మింట్‌లకు సెక్యూర్‌ బూట్‌ అనుమతి ఉంది గనుక చాలా యంత్రాల్లో దాన్ని ఆపాల్సిన అవసరం రాదు.

ఇంకో సలహా లినక్స్‌కు సంబంధం లేనిది. ఇది బొగ్గు దుమ్ము ఊరు, ఎండాకాలం నిప్పుల కొలిమి. ల్యాప్‌టాప్‌ అడుగు విప్పి ఫ్యాన్‌లో పేరుకున్న మసి దులిపించండి. తిరిగే పాత హార్డ్‌డిస్క్‌ ఉంటే దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత యంత్రానికి ప్రాణం పోసేది ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాతే ఆపరేటింగ్‌ సిస్టమ్‌. మేం ఆ పని కూడా చేశాం. పాత డిస్క్‌ను అలాగే బీరువాలో దాచాం.

లైవ్‌ తెర మీదే 'ఇన్‌స్టాల్‌' గుర్తు ఉంటుంది. భాష, కీబోర్డు అడుగుతుంది. వీడియోలు, పాటల కోసం మల్టీమీడియా కోడెక్‌లు వేయాలా అంటుంది, అవునని టిక్కు పెట్టండి. తర్వాత వచ్చే ప్రశ్నే కీలకం: డిస్క్‌ మొత్తం చెరిపేయాలా, విండోస్‌ పక్కన చేరాలా? ఇక్కడ మాత్రం రెండుసార్లు చదివి నొక్కండి. ఆ తర్వాత కాలమండలం కోల్‌కతా, మీ పేరు, పాస్‌వర్డ్‌. ఎస్‌ఎస్‌డీ ఉంటే అరగంటలోపే అయిపోతుంది. కరెంటు పోకుండా ఛార్జర్‌ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉంచుకోండి.

ఎక్కించాక మూడు పనులు. అప్‌డేట్‌ మేనేజర్‌ను ఒకసారి పూర్తిగా నడపాలి. వైఫై, గ్రాఫిక్స్‌ తేడా చేస్తే డ్రైవర్‌ మేనేజర్‌ చూడాలి. టైమ్‌షిఫ్ట్‌ను అమర్చాలి. ఇది వ్యవస్థ రూపాన్ని రోజువారీ దాచి, ఏదైనా చెడితే నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. మీ ఫొటోలను కాపాడే పని మాత్రం దానిది కాదు.

మెయిన్‌ డిప్పు ఒక్కటే

మర్నాడు బాపు ఫోల్డర్లు తెరిచి కంగారుపడ్డాడు. "సీ డ్రైవు ఏది? డీ డ్రైవు ఏది?"

లినక్స్‌లో అవి ఉండవు. అన్నిటికీ ఒకటే మొదలు, దాన్ని ఏటవాలు గీతతో చూపిస్తారు. డిస్క్‌లు, పెన్‌డ్రైవ్‌లు, మన ఫైళ్లు అన్నీ అందులోంచి కొమ్మలుగా చీలతాయి. ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే ఆయనే తేల్చేశాడు: "అంటే మెయిన్‌ డిప్పు ఒక్కటే. లెవెళ్లు ఎన్నన్న ఉంటయి."

ఇంక్లైన్‌ బాయిలో కిందికి దిగే దారి డిప్పు. దాని నుంచి పక్కలకు తీసుకెళ్లేవి లెవెళ్లు. ఇంతకన్నా చక్కగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఆయన సొంత ఫైళ్లుండే 'హోమ్‌' ఒక లెవెల్‌. అంతే తెలిస్తే చాలు.

పాస్‌వర్డ్‌ సంగతీ అంతే. ఏదైనా కొత్త ప్రోగ్రాం వేయబోతే లినక్స్‌ పాస్‌వర్డ్‌ అడుగుతుంది. విండోస్‌లో 'యెస్‌' నొక్కి నొక్కి అలవాటైనవాళ్లకు విసుగే. బాయిలో మందుగుండు పేల్చే పని షాట్‌ఫైరర్‌ ఒక్కడిదే, దానికి సర్టిఫికెట్‌ ఉండాలి. వ్యవస్థను మార్చే పనికి లినక్స్‌ కూడా టికెట్‌ చూపించమంటుంది. అడగకూడని సమయంలో అడిగితే మాత్రం ఆగి ఆలోచించాలి.

ప్రోగ్రాంల కోసం ఎక్కడెక్కడి సైట్లలోనో వెతకకండి. సాఫ్ట్‌వేర్‌ మేనేజర్‌లోనే తీసుకోండి. లిబ్రె ఆఫీస్‌ ముందే ఉంటుంది. వర్డ్‌, ఎక్సెల్‌ ఫైళ్లు తెరుస్తుంది. పట్టికలు, అలంకరణలు ఎక్కువున్న పత్రంలో అటూఇటూ జరగొచ్చు. ఇతరులకు పంపేది పీడీఎఫ్‌గా పంపితే ఆ పేచీ ఉండదు.

తెలుగు రాసే చేతికి

తెలుగులో రాసేవాళ్లు ఉబుంటు, జోరిన్‌లలో కీబోర్డు సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు చేర్చుకోవచ్చు. మింట్‌లో ఇన్‌పుట్‌ మెథడ్‌ విభాగంలో ఐబస్‌ వేసుకుని, దానికి తోడు ఎం17ఎన్‌ పొట్లం చేర్చుకోవాలి. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్‌ అక్షరాలతో రాసే ఆర్‌టీఎస్‌ అందులో వస్తుంది. డీటీపీలో చేయి తిరిగినవాళ్లకు శుభవార్త ఏమిటంటే వాళ్ల వేళ్లకు పట్టిన ఆపిల్‌ కీబోర్డు అమరిక కూడా ఉంది. ఫాంట్‌ను యూనికోడ్‌లోకి మార్చుకోవాలే తప్ప వేళ్లను మార్చుకోనక్కర్లేదు.

పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్‌ మేనేజర్‌లోనే దొరుకుతాయి. రామభద్ర, మల్లన్న, సూరన్న, గిడుగు లాంటివి గూగుల్‌ ఫాంట్స్‌లో ఉచితం. అను ఫాంట్లలో రాసిన పాత ఫైళ్లు మాత్రం నేరుగా చదవరావు. వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

బాపు ఇన్‌స్క్రిప్ట్‌తో వారం కుస్తీపట్టి ఆర్‌టీఎస్‌కు మారాడు. పొల్లులు, ఒత్తులు కుదిరాక మొదటి దరఖాస్తు రాశాడు, బాయిలో సపోర్ట్‌మన్‌గా చేసి దిగిపోయిన పక్క వీధి ఆయన తరఫున. పీడీఎఫ్‌ చేసి వాట్సాప్‌లో జిరాక్స్‌ సెంటర్‌కు పంపించాడు. అక్కడి విండోస్‌లో అది ఒక్క అక్షరం చెదరకుండా అచ్చయింది.

నవంబర్‌లో ఫోన్‌ ముందు కూర్చుని ముఖం చూపించి, ఈ ఏడాదికి బతికే ఉన్నానని పింఛను ఆఫీసుకు చెప్పేశాడు. తర్వాత నాకు ఫోన్‌.

"నాదైతే అయింది. మరి దీనిది ఎన్నాళ్లకోపారి?"

వారం వారం అప్‌డేట్‌ నొక్కుతుంటే 2029 దాకా ఢోకా లేదని చెప్పాను.

"నా కంటె నయమే" అని, అప్‌డేట్‌ మీట ఏ మూలన ఉందో మరోసారి చెప్పమన్నాడు.